ఆల్చిప్పల లెక్క

మా పెద్దమ్మ ఉద్యోగం ఏటిలో ఆల్చిప్పలు లెక్కపెట్టడం. నవ్వకండి, సర్కారు నెలనెలా జీతమిచ్చే ఉద్యోగమే. అడుగున అద్దం బిగించిన బకెట్‌ను నీళ్లపై ఆనించి, మోకాళ్ల మీద పాకుతూ, గులకరాళ్లలో సగం పూడుకుని బతికే ఒక్కో చిప్పనూ లెక్కపెట్టేది. పంతొమ్మిదేళ్లుగా లెక్క నాలుగు వందలకు అటూ ఇటూ. ఆఫీసుకు సంతోషం. ఆవిడ సంగతి చెప్పనక్కర్లేదు, మోకాళ్లు అరిగిపోయినా ముఖం వెలిగిపోయేది.

ఒకరోజు చచ్చిన చిప్పనొకదాన్ని వంటింటి సింకులో కడుగుతూ దాని మీది గీతలు లెక్కపెట్టింది. ఏడాదికో గీత. నలభై ఉన్నాయి. చిన్నవి అసలున్నాయా అని అనుమానం వచ్చింది. మర్నాటి నుంచి వారం రోజులు ఏటి ఇసుక జల్లెడ పట్టింది. గోరంత పిల్ల ఒక్కటి దొరకలేదు. లెక్క తగ్గలేదని మురిసిందే గాని, ఉన్నవన్నీ ముసలివేనని ఇన్నేళ్లూ చూసుకోలేదు. తనను తాను తిట్టుకోని రోజు లేదు.

ఆల్చిప్ప పిల్లలు మొదట్లో కొన్ని వారాలు చేపల మొప్పలు పట్టుకుని బతుకుతాయి. తర్వాత శుభ్రమైన గులకలోకి రాలి పెరుగుతాయి. ఆవిడ ఉద్యోగంలో చేరకముందే దిగువన తలుపుల ఆనకట్ట కట్టారు. చేప పైకి రాలేదు, నిలవనీటిలో గులకంతా బురద పట్టింది. చేపలు ఎదురెక్కే నెలలో తలుపులెత్తితే రెండూ తీరతాయి.

ఆ మాటే ఆఫీసుకెళ్లి చెబితే అధికారి తలెత్తకుండానే విన్నాడు. "లెక్క తగ్గలేదు కదమ్మా! సగానికి పడితేనే తలుపులెత్తాలని రూలు."

"అందాకా ఆగితే కనడానికి ఏవి మిగుల్తాయండీ?"

"రూలు నేను రాశానా?"

ఇంట్లో పెదనాన్న ఒక్క ముక్కలో తేల్చేశాడు. "సగం రాసి పడెయ్యి. వాళ్లేమన్నా నీళ్లలోకి దిగుతారా, చూస్తారా?"

ఒక్క అంకె కూడా అబద్ధం రాయని మనిషి. మూడు రోజులు అన్నం సహించలేదు. నాలుగో రోజు నూట తొంభై అని రాసి, సంతకం పెట్టింది.

నెల తిరక్కుండా జవాబొచ్చింది. లెక్క రెండు వందల కంటే తగ్గిన చోటు ఇక నిలబడదట. అందుకని ఆ ఏటిని కాపాడాల్సిన జాబితాలోంచి తీసేసి, అడుగు తవ్వే యంత్రాలకు అనుమతిచ్చేశారు. ఆ రెండో రూలు ఆవిడకెవరూ చెప్పలేదు. ఇంకో పది కలిపి సరిగ్గా సగం రాసుంటే తలుపులెత్తేవారు.

నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు పరిగెత్తింది. "అబద్ధం రాశానండీ. అన్నీ ఉన్నాయి, అన్నీ బతికే ఉన్నాయి. నన్ను తీసెయ్యండి, వాటిని తవ్వకండి!"

అధికారి మొదటిసారి తలెత్తి చూశాడు. కోపం కూడా లేదు ఆయనకు.

"అప్పుడూ మీరే లెక్కపెట్టారు, ఇప్పుడూ మీరే చెప్తున్నారు. ఏది నమ్మమంటారమ్మా?"