మోత కుర్చీ కోసం ఎవరో ఫోన్ చేశారు

దెయ్యాల కథలు నేనెప్పుడూ నమ్మలేదు. విజయవాడలో ఒక దినపత్రిక డెస్కులో పద్దెనిమిదేళ్ళు పనిచేశాను. పాడుబడ్డ బంగళాలో దీపం వెలిగిందనీ, చనిపోయినవాడు సంతలో కనిపించాడనీ ఊళ్ళ నుంచి వార్తలు వచ్చేవి. ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, వాళ్ళ పేరేమిటి అని అడిగితే ఒక్కటీ నిలిచేది కాదు. అందుకే ఈ సంగతి కూడా చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు రాస్తున్నాను.

దక్షిణాఫ్రికాలో అందరూ కలిసి ఓటేసిన ఎన్నికల మరుసటి ఏడాది నా భార్యకు డర్బన్‌లో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. నేనూ వెంట వెళ్ళాను. అక్కడి ఇంగ్లీషు పత్రిక ఒకదానిలో పని దొరికింది. ఊరికి ఉత్తరాన అవోకాలో ఇల్లు తీసుకున్నాం.

పక్కింట్లో అప్పాయమ్మ ఉండేది. అరవై దాటిన మనిషి. ఆమె పెద్దలు ఎప్పుడో కోస్తా నుంచి చెరకు తోటల్లో కూలికి వచ్చినవాళ్ళు. చిన్నతనంలో పోలియో వచ్చి ఆమెకు రెండు కాళ్ళూ పడిపోయాయి. నాకు తెలుగు వచ్చని తెలిసినప్పటి నుంచి రోజూ గోడ అవతల నుంచి పిలిచి కబుర్లు చెప్పేది. నేను పెద్దమ్మా అనేవాణ్ణి.

అవోకాకు రాకముందు ఆమె, భర్త క్లెయిర్‌వుడ్‌లో కూరగాయలు పండించేవారు. విమానాశ్రయం అక్కడికి దగ్గరే. ముప్పై ఏళ్ళు నెత్తిమీద విమానాలు పోతుంటే కింద కూర్చుని తోటకూర కట్టలు కట్టిన మనిషి ఒక్కసారీ విమానం ఎక్కలేదు. భర్త పోయి అప్పటికి ఎనిమిదేళ్ళయింది.

ఆ ఏడాది జోహానెస్‌బర్గ్‌లో ఉన్న ఆమె తమ్ముడికి గుండె ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఆమెకు మిగిలిన తోబుట్టువు అతనొక్కడే. అక్క వచ్చి పక్కన కూర్చుంటే తప్ప ఆసుపత్రి కాగితం మీద సంతకం పెట్టనని అతను మొండికేశాడు. ఆపరేషన్ శుక్రవారం పొద్దున. గురువారం మధ్యాహ్నం విమానానికి టికెట్ తీశారు. రోడ్డు మీద అన్ని గంటలు కూర్చోగల ఒళ్ళు కాదు ఆమెది. కొడుక్కి ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు. కోడలు రూత్‌కి నెలలు నిండుతున్నాయి. అక్కడ దిగగానే బంధువులు వచ్చి తీసుకెళ్తారు. ఇక్కడ ఎక్కించే పని నాకు అప్పగించారు.

కారులో వెళ్తుండగా రూత్ అసలు సంగతి బయటపెట్టింది. టికెట్‌తో పాటు నింపాల్సిన కాగితంలో, ప్రయాణికురాలు మెట్లెక్కగలదా అని ఒక ప్రశ్న ఉంది. ఎక్కలేనివాళ్ళను సన్నటి మోత కుర్చీలో కూర్చోబెట్టి, పట్టీలు బిగించి, ఇద్దరు మనుషులు విమానం మెట్ల మీదుగా సీటు దాకా మోసుకెళ్ళాలి. ఆ మనుషులూ ఆ కుర్చీ కావాలంటే రెండు రోజుల ముందే చెప్పుకోవాలి. రూత్ ఆ ప్రశ్నకు ‘ఎక్కగలదు’ అని రాసి ఇచ్చేసింది.

ఆమెకు అది అబద్ధం కాదు. వాళ్ళ చర్చిలో విశ్వాసం ఉన్నవాళ్ళు ‘నా వల్ల కాదు’ అనే మాట నోటితో అనకూడదు, చేత్తో రాయకూడదు.

“ఎంత పని చేశావమ్మా!” అన్నాను.

వెనక సీట్లోంచి అప్పాయమ్మ అందుకుంది. “దాన్ని తిట్టకు అబ్బాయి. నేనే రాయమన్నా. ఊరికి పొయ్యే ముందర లేదు, కాదు అనకూడదు. అంటే మా యమ్మ నోటిమీద కొట్టేది.”

“మరి మెట్లు ఎవరెక్కుతారు పెద్దమ్మా?”

“తూలా, తూలా!” అని జూలూలో కసిరింది. “నోరు మూసుకోని కారు తోలు.”

విమానాశ్రయం కౌంటర్‌లో అమ్మాయి కాగితం చూసింది, చక్రాల కుర్చీ చూసింది, మళ్ళీ కాగితం చూసింది. ముందుగా చెప్పలేదు కాబట్టి ఈ విమానానికి కుదరదనీ, రేపు మధ్యాహ్నానికి ఏర్పాటు చేస్తామనీ మర్యాదగానే చెప్పింది. అప్పటిదాకా జోకులేస్తున్న అప్పాయమ్మ మొహం వాడిపోయింది.

“రేపు పోయి ఏం లాభం? పొద్దున నేను కనపడకపోతే వాడు ఆ కాయితం చింపేస్తాడు,” అంది.

నేను సూపర్‌వైజర్‌ని పిలవమన్నాను. నడివయసు మనిషి, వచ్చి పేరు అడిగి లోపలికి వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో ఒక పచ్చకాగితం ఉంది. “ఇది కౌంటర్‌కి చేరలేదు, క్షమించండి. మనుషులు సిద్ధంగా ఉన్నారు,” అన్నాడు.

ఇద్దరు జూలూ పోర్టర్లు మోత కుర్చీ తెచ్చారు. అందులో పెద్దాయన వంగి, “సాన్‌బోనా, గోగో,” అని మామ్మను పలకరించినట్టు పలకరించాడు. ఆమె ఎడమ భుజం తాకకుండా, చంక కింద నుంచి కాక నడుం చుట్టూ చేతులు వేసి ఎత్తి కూర్చోబెట్టాడు. ఏళ్ళ తరబడి చక్రాలు తోసి తోసి ఆ భుజం కీలు సడలిపోయింది, ఊరికే తప్పుకుంటుంది. ఒకసారి తెలియక నేను అక్కడ పట్టుకుంటే ఆమె పెట్టిన కేక నాకు గుర్తుంది.

“హౌ! వీడికి ఎవరు చెప్పినారు?” అని ఆశ్చర్యపోయింది అప్పాయమ్మ. నన్ను చూసింది. నేను చెప్పలేదు.

ఆమెను ఎక్కించి, విమానం కదిలాక, నేను సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళాను. ఏర్పాటు చేయమని ఎవరడిగారని అడిగాను. అతను పచ్చకాగితం నా వైపు తిప్పాడు. అందులో ఉన్నది నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను. సోమవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. సీటు దాకా మోసుకెళ్ళాలి. ఎడమ భుజం పట్టుకోకూడదు. అడిగినవారు: భర్త. కింద తిరుగు ప్రయాణం అని ఇంకో వరస. అక్కడ తోడు వచ్చేవారు అన్నచోట, తమ్ముడు అని ఉంది.

“ఫోన్ నేనే తీశాను,” అన్నాడు సూపర్‌వైజర్. “నిదానంగా మాట్లాడాడు. మీరు వెంట వెళ్తారా అంటే, వెళ్ళను, వచ్చేటప్పుడు ఆమె తమ్ముడుంటాడు అన్నాడు. ఆమె భర్త కులాసానా?”

నేను ఏదో సర్దిచెప్పి వచ్చేశాను.

రూత్‌ని అడిగాను, తాను ఫోన్ చెయ్యలేదంది. కొడుకుని అడిగాను. ఫ్యాక్టరీలో ఫోన్ ఉన్నది ఫోర్‌మన్ గదిలోనే, అక్కడికి తాను వెళ్ళలేదన్నాడు. ఎందుకు అడుగుతున్నావని కోప్పడ్డాడు కూడా. తమ్ముడు అప్పటికి వారం రోజులుగా మంచం దిగని రోగి. నాకు తెలిసి ఆ భుజం సంగతి తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు.

అక్క చెయ్యి పట్టుకుని తమ్ముడు సంతకం పెట్టాడని ఆ రాత్రే కబురొచ్చింది. శుక్రవారం సాయంత్రానికి ఇంకో కబురు. ఆపరేషన్ అయింది గానీ తెలివి రాలేదు, డాక్టర్లు ఏమీ చెప్పలేమంటున్నారు. శనివారం కూడా అంతే. రూత్ అన్నం ముట్టకుండా ప్రార్థన చేస్తూ కూర్చుంది. నా జేబులో నోటుబుక్కు ఉంది. అందులో తిరుగు ప్రయాణానికి తోడు తమ్ముడు అన్న వరస ఆమెకు చదివి వినిపించాలని రెండుసార్లు గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. రూఢి కాని కబురు చెప్పి మనుషులకు ఆశ పెట్టడం నాకు చేతకాదు. ఆదివారం మధ్యాహ్నం అతను కళ్ళు తెరిచాడు.

ఐదు వారాల తరవాత విమానాశ్రయంలో వాళ్ళకోసం నిలబడ్డాను. అద్దం తలుపులు తెరుచుకున్నాయి. ముందు అప్పాయమ్మ కుర్చీ. పక్కనే, కుర్చీ చెయ్యి పట్టుకుని, చిక్కిపోయిన మనిషి ఒకాయన నెమ్మదిగా నడిచి వస్తున్నాడు. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఎవరని అడగాల్సిన అవసరం రాలేదు.

కొన్నాళ్ళకు ఆమెకు నోటుబుక్కు చదివి వినిపించాను. భయపడుతుందనుకున్నాను. పకపకా నవ్వింది.

“బతికుండంగా ఫోను ముట్టుకోలేదు ఆ మనిషి. షాక్ కొడతదని భయం. షేమ్, పాపం, ఇప్పుడు నేర్చుకున్నాడు!” ఎడమ భుజం తడుముకుంటూ, “నన్ను ఈపున ఏసుకోని బస్సు ఎక్కించేవాడు అబ్బాయి. ఆయనకి నా బుజం సంగతి ఇంకోళ్ళు చెప్పాల్నా?” అంది.

ఆమెకు అంతటితో తేలిపోయింది. నాకు తేలలేదు. మర్నాడు సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి ఆ గొంతు గురించి మళ్ళీ అడిగాను. ఇంకేమీ అనలేదా అన్నాను.

“ఒకటి అడిగాడు,” అన్నాడతను. “విమానానికి మెట్లెన్ని అని. ఎవరూ అడగని ప్రశ్న. నాకూ తెలియదు. ఉండమని చెప్పి, బయటికి వెళ్ళి లెక్కపెట్టి వచ్చాను. పది నిమిషాలు పట్టింది. ఆయన లైన్లోనే ఉన్నాడు. చెప్పాను. సరే, మనిషిని మొయ్యొచ్చు అని పెట్టేశాడు.”

ఆ పది నిమిషాలు లైన్లో ఉన్నది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.