బెథాగ్ బాణీకి రెండో పేరు

ఫార్కర్ ఫిడేలు భుజానికెత్తుకుంటే కొండ దిగే మంచు కూడా కాస్త ఆగి వింటుందని ఆ లోయలో అనుకునేవారు. ఎఫీ అతణ్ణి చేసుకున్నది ఆ ఫిడేలు కోసమే. కూతురు బెథాగ్‌ను వాగు లాక్కుపోయిన ఏడాది, తడి ఆరని ఆ చిన్న శవం పక్కన కూర్చుని అతనొక బాణీ కట్టాడు. నీటి అడుగున గులకరాయి దొర్లినంత నెమ్మదిగా కదిలే బాణీ. దానికి బెథాగ్ పేరే పెట్టాడు. అక్కడ బాణీకి పేరు పెట్టడమంటే దానమివ్వడమే. ఇచ్చాక అది కట్టినవాడిది కాదు, ఆ పేరుగలవాళ్ళది. మళ్ళీ ఇంకొకరికి ఇవ్వకూడదు.

తర్వాత కొన్నాళ్ళకు, లోయ భూమంతా తనదైన దొరకు మనుషులకంటే గొర్రెలే లాభమని తోచింది. ఎండాకాలం రాకముందే లోయ ఖాళీ చేయాలని దొర ఏజెంటు గిల్‌మోర్ ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. ఫార్కర్ గడప ముందు మాత్రం గుర్రం దిగాడు.

"ఏమోయ్, నాకు పెళ్ళి కుదిరింది. గొప్పింటి ఆడవాళ్ళందరి పేరునా బాణీలున్నాయట, మా ఆవిడకీ కావాలట. గెంతడానికి హుషారుగా ఉండాలి. ఇచ్చావా, నీ కొంప జోలికి రాను."

ఫార్కర్ రోజుల తరబడి తీగలు మీటాడు. ఏమీ రాలేదు. బిడ్డ పోయాక అతనికి కొత్త బాణీ ఒక్కటీ తట్టలేదు. ఆ సంగతి ఎఫీకి తప్ప ఎవరికీ తెలియదు.

"బెథాగ్ బాణీనే కాస్త తొందరపెడితే ఎవడు గుర్తుపడతాడే?" అన్నాడు చివరికి.

ఓట్స్ జావ కలుపుతున్న ఎఫీ గరిట ఆగింది. "నేను గుర్తుపడతాను."

"సమాధి ఇక్కడుంది కదే! మనం పోతే దాని మీద గొర్రెలు తిరుగుతాయి. నేను కాపలా ఉండాలంటే ఇల్లుండాలి."

"మట్టి నీకూ, పేరు వాళ్ళకీనా? దానికి మిగిలిందే ఆ పేరయ్యా."

అతను ఫిడేలు తీసుకుని బయటికి నడిచాడు.

పెళ్ళినాడు ఏజెంటు వంటింట్లో పళ్ళేలు కడుగుతూ ఎఫీ ఆ బాణీని కొత్త వేగంలో విన్నది. పైన నేల చెక్కలు బూట్ల కింద అదురుతున్నాయి. చచ్చిన పిల్లను రెండు చేతులూ పట్టుకుని ఎవరో గెంతిస్తున్నట్టుంది.

ఏజెంటు మాట తప్పలేదు. ఖాళీ చేసే రోజున ఫార్కర్ ఇల్లొక్కటే నిలబడింది. చెట్టు మొలవని నేల కాబట్టి, వేరేచోట ఇల్లు కట్టుకోవడానికి జనం తమ కప్పుల దూలాలు ఊడదీసి బండ్లకెత్తుకున్నారు. ఏజెంటు మనుషులు వాటిని కిందికి లాగి నిప్పు పెట్టారు.

లోయ విడిచి పోయేవాళ్ళను ఫిడేలుతో సాగనంపడం ఆనవాయితీ. బండి మీద కూర్చోబెట్టిన పొరుగింటి ముసలి ఊనా పిలిచింది.

"ఒరే ఫార్కరూ! నీ ఇల్లు మిగిలిందిగా, మాకోసం చేతులైనా ఆడించు. మన బెథాగ్‌ది వాయించు. దానికి నడక నేర్పింది నేనేరా."

అతను నెమ్మదిగానే మొదలుపెట్టాడు. పొగలో జనం తలలు వంచారు.

గిల్‌మోర్ గుర్రం మీద నుంచి నవ్వాడు. "ఇది మా ఆవిడది కదటోయ్! శవాన్ని మోస్తున్నట్టు ఈడుస్తావేం? పెళ్ళిలో వాయించినట్టు కానియ్."

ఫార్కర్ తన ఇంటి కప్పు వైపు చూశాడు. కమాను వేగం పెరిగింది. నిప్పు పెట్టినవాళ్ళు చప్పట్లు చరిచారు.

ఊనా మొహం తిప్పుకుంది. "పోనీలేరా. వాగు దాన్ని ఒక్కసారే ముంచింది" అంది.

ఎఫీ లోపలికెళ్ళి శాలువా కప్పుకుని, పిండి సంచీ భుజాన వేసుకుని వచ్చి, ఊనా బండిని వెనక నుంచి నెట్టసాగింది.

"ఎఫీ! పిల్ల ఇక్కడుందే!" వాయిస్తూనే అరిచాడు.

"అక్కడ పడుకున్నదానికి ఇప్పుడు పేరు లేదు. నువ్వే కాపలా కాయి."

ఏజెంటు ఇంకా ఆపమనలేదు. బండి మలుపు తిరిగేదాకా, తన అడుగు ఎక్కడా ఆ వేగానికి కలవకుండా ఎఫీ జాగ్రత్తగా నడిచింది.