మగ్గం మోసే బండికి వణుకు

నేను రిటైరయ్యే ముందు సంవత్సరం, శ్రావణ పున్నమికి నాలుగు రోజుల ముందు, సోలాపూర్‌లో మా బస్ డిపో మేనేజరు నన్ను పిలిచి, నేతవాళ్ళ కులదైవం మార్కండేయ స్వామి ఊరేగింపు వాహనాల తనిఖీ అప్పగించారు. అప్పటికి నేను చార్జ్‌మన్‌ని. అంటే మెకానిక్కులు చేసిన పని చూసి, బండి రోడ్డెక్కవచ్చని సంతకం పెట్టేవాడిని. చెవి పెట్టి వింటే ఇంజన్ జబ్బు చెప్పేస్తానని నాకు కొంచెం గర్వం ఉండేది. అది నీలం నగర్‌లో దిగిపోయింది.

జాబితాలో చివరిది నీలం నగర్ నర్సయ్య బండి. పాత పెట్రోల్ పికప్. మామూలు రోజుల్లో టవళ్ళ మూటలు మోస్తుంది. ఊరేగింపులో దాని మీద చిన్న చేతిమగ్గం ఎక్కించి, దారి పొడవునా స్వామికి బట్ట నేస్తారు. నేసే వంతు ఎవరిదో కమిటీ నిర్ణయిస్తుంది. నర్సయ్య పన్నెండేళ్ళుగా అడుగుతుంటే ఆ ఏడు దొరికింది. బండి పనికిరాదని నేను రాస్తే వంతు తర్వాతి మనిషికి పోతుంది, మళ్ళీ ఎన్నేళ్ళకు వస్తుందో తెలియదు. ఆయనకు అప్పటికే అరవై ఆరు.

పొద్దున్నే వెళ్ళాను. తాళం తిప్పగానే ఇంజన్ బుద్ధిగా పలికింది. బ్రేకులు, లైట్లు, టైర్లు చూసి సంతకం చేసేశాను. నర్సయ్య భార్య రాజవ్వ చాయ్ ఇచ్చి, చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూ, “ఒక్కపారి మగ్గం ఎక్కించి కొంతం చౌక్ దాకా తిప్పుండ్రి అన్నా. ఖాళీ గాడీ నడిస్తె ఏం ఫాయిదా?” అంది. కాదనలేకపోయాను.

ఊరేగింపు బండి నడిచేది తక్కువ, ఆగి ఉండేది ఎక్కువ. యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తనంతట తాను తిరగడాన్ని మేం ఐడ్లింగ్ అంటాం. ఊరేగింపు దారిలోని కొంతం చౌక్‌లో నేను బండి ఆపగానే ఆ ఐడ్లింగే చెడిపోయింది. బండి చలిజ్వరం వచ్చినట్టు వణికింది, మగ్గం కటకటలాడింది, నిలువుగా బిగించిన పడుగు పోగులు ఒకదాని తర్వాత ఒకటి తెగాయి. మగ్గం ముందు కూర్చున్న నర్సయ్య తెగిన కొసలు ఏరుకోసాగాడు. పక్కనున్న ఆటోవాళ్ళు మరాఠీలో ధారాళంగా సలహాలిచ్చారు. సంతకం చేసిన కాగితం నా జేబులోనే ఉంది. సిగ్గేసింది.

నర్సయ్య ఇంటికి తిరిగొచ్చి పనిలో దిగాను. స్పార్క్ ప్లగ్గులు మార్చాను, కార్బురేటర్ కడిగాను, టైమింగ్ చూశాను. ఇంజన్ చల్లగా ఉంటే బాగుంది, వేడెక్కితే వణుకు. చల్లటి ఇంజన్‌కు చోక్ వల్ల పెట్రోల్ ఎక్కువ అందుతుంది కనుక, ఎక్కడో దొంగగాలి దూరుతున్నా బయటపడదు. వేడెక్కాక పెట్రోల్ తగ్గి, గాలి ఎక్కువై తడబడుతుంది. ఈ పాఠం కొత్త మెకానిక్కులకు నేనే వందసార్లు చెప్పాను. చెప్పిన నేనే చల్లటి ఇంజన్ విని సంతకం పెట్టాను!

దొంగగాలిని పట్టాలంటే ఇంజన్ నడుస్తుండగా గొట్టాల మీద కొద్దికొద్దిగా నీళ్ళు చల్లాలి. చిల్లు ఉన్న చోట నీళ్ళు పడితే చప్పుడు మారుతుంది. నర్సయ్య పడుగు తడిపే పిచికారీ సీసా తీసుకుని మొదలుపెట్టాను. నాలుగో గొట్టం మీద చల్లగానే వణుకు ఆగింది. పది లెక్కపెట్టేలోగా మళ్ళీ మొదలైంది.

ఆ గొట్టం కొస బయటికి లాగాను. మూతిలో నూలు కుక్కి, పైన గంజి పట్టించిన దారంతో చుట్టి ఉంది. చుట్టు మీద చుట్టు, ఎక్కడా వంకర లేదు. నా ఉద్యోగంలో అంత అందమైన తప్పు నేను చూడలేదు.

“నేనే కట్టిన సాబ్,” అన్నాడు నర్సయ్య కాస్త గర్వంగానే. “గుంజి చూడుండ్రి, ఒక్క పోగు ఊడది.”

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. ఆ గొట్టం ఇంజన్ పీల్పుతో ఈజీఆర్ వాల్వ్‌ను తెరిచేది. ఇంజన్ వదిలే పొగలో కొంత మళ్ళీ లోపలికి పంపి కాలుష్యం తగ్గించే వాల్వ్ అది. మసి పట్టి బిగుసుకుపోతే, ఫోన్లో వీడియో చూసి ఆయనే పీకేశాడు. పొగ దారికి రేకు బిళ్ళ బిగించాడు. మిగిలిపోయిన గొట్టానికి రబ్బరు మూత పెట్టాల్సింది. ఆయన చెయ్యి అలవాటుగా నూలు మీదికి పోయింది. ఇంజన్ వేడికి గంజి ఎండి పగిలి, పోగుల సందుల్లోంచి గాలి దూరుతోంది.

రాజవ్వ పకపకా నవ్వింది. “చూడన్నా, నలభై ఏండ్ల సంది టవల్లు నేస్తున్నడు ఈయిన. నూలు గాలిని ఆపుతదా? ఆపితే గా టవల్లు ఎట్ల ఎండుతయి?” నర్సయ్య కూడా నవ్వాడు. ఇక నాకూ ఆగలేదు.

గొట్టానికి మూత పెడితే వణుకు పోయేది. కానీ కాలుష్య పరికరం తీసేసిన బండికి నేను సంతకం పెట్టకూడదు. వాల్వ్ ఏదని అడిగాను. నేతవాళ్ళ ఇంట్లో ఇనుప ముక్కను ఊరికే పారేయరు. నర్సయ్య లోపలికి తీసుకెళ్ళి చూపించాడు. పవర్‌లూమ్‌లో పడుగు బిగువుగా ఉండడానికి తాడుకు బరువులు వేలాడదీస్తారు. అక్కడ రెండు రాళ్ళ మధ్య వాల్వ్ హాయిగా ఊగుతోంది. దాన్ని విప్పుకుని, ఆ చోట రాజవ్వ ఇచ్చిన పాత ఇస్త్రీపెట్టె కట్టాం.

రేకు బిళ్ళ తీసేసి, వాల్వ్ మసి గీకి, కొత్త గాస్కెట్, కొత్త గొట్టం వేసి బిగించేసరికి సాయంత్రమైంది. ఈసారి ఇంజన్ బాగా వేడెక్కేదాకా ఆగి, మగ్గం మీద నిండు గ్లాసు నీళ్ళు పెట్టాను. చుక్క తొణకలేదు. కాలుష్య పరీక్షలోనూ బండి నెగ్గింది. పాత కాగితం చింపేసి కొత్తదాని మీద సంతకం చేశాను.

పున్నమి నాడు ఆ బండి కొంతం చౌక్‌లో చాలాసేపు ఆగింది. డప్పులు మోగుతున్నాయి, జనం గులాల్ చల్లుకుంటున్నారు, పైన నర్సయ్య పోగుల మధ్య అటూ ఇటూ నాడె ఆడిస్తున్నాడు. ఒక్క పోగూ తెగలేదు. జనంలో నన్ను చూసి, “సాబ్, గాడీ చాలూ ఉన్నదా, బంద్ పడ్డదా? వణుకే తెలుస్తలేదు!” అని అరిచాడు. నాకు పట్టరాని సంతోషం కలిగింది.

బండి ఏ స్థితిలో పని చేయాలో ఆ స్థితిలోనే పరీక్షించాలి. ఇది మా పుస్తకంలో ఉంది, నేనే పాటించలేదు. పుస్తకంలో లేనిదొకటి మర్నాడు తనిఖీ పత్రం అడుగున నా చేత్తో చేర్చాను: ‘ఈ బండి మీద చివరగా చెయ్యి వేసింది ఎవరు? ఆ మనిషి రోజూ చేసే పని ఏమిటి?’