తొడగని జతలు

వృత్తి చూస్తే ఆయన లిఫ్టు మెకానిక్కు. కానీ వీధిలో అలా అడిగితే ఎవరూ ఇల్లు చూపించరు, "పెట్టెలాయన" అంటేనే చూపిస్తారు. ముందుగదిలో గోడకు గోడంతా అద్దాల అలమర కట్టించి, పరుగుపందేలకు వేసుకునే బూట్లను పెట్టెలతో సహా పేర్చాడు. అన్నీ కొత్తవే, కొన్నరోజునే దాచినవి, నేల ముఖం చూడనివి. కంపెనీవాళ్లు ఆ రకం తయారీ ఆపేస్తే ధర పెరుగుతుంది, అప్పుడు అమ్ముతాడు. అమ్మిన డబ్బుతో మరో రెండు జతలు కొంటాడు. ఆయన కాళ్లకు మాత్రం పిన్నీసు గుచ్చిన రబ్బరు చెప్పులు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అని వాళ్లావిడ దెప్పేది. "వేసుకుంటే బూటు, దాచుకుంటే సొత్తు" అనేవాడు ఆయన. ఆ మాట తానే కనిపెట్టానని గర్వం కూడానూ.

ఇలాంటి మనిషికి దేవుడు పరిగెత్తే పిల్లనిచ్చాడు. పదహారేళ్ల చిట్టి, మైదానం చుట్టూ రెండు చుట్ల పరుగులో స్కూలంతటికీ ముందుండేది. ఆమె బూట్లు మడమ దగ్గర అరిగి, ముందువైపు రెండుసార్లు కుట్లు పడ్డాయి. జట్టు ఎంపిక పందెం దగ్గరపడినప్పుడు నోరు తెరిచి అడిగింది.

"నాన్నా, ఆ తెల్ల జత నాకు సరిగ్గా సరిపోతుంది. ఆ ఒక్కరోజుకీ వేసుకుని, తుడిచి పెట్టేస్తా."

"అది పెట్టెలో ఉంటేనే విలువ చిట్టీ. నీవి ఇంకా బాగానే ఉన్నాయిగా."

చిట్టి మళ్లీ అడగలేదు. రెండోసారి అడగని పిల్లను చూసి తల్లిదండ్రులు కాస్త భయపడాలి. ఈయన మాత్రం గండం గడిచిందనుకున్నాడు.

పందెం రోజు పొద్దున్నే ఆ తెల్ల జత చూడటానికి ఒకాయన వస్తానని ఫోను చేశాడు. దుమ్ము దులుపుదామని పెట్టె తీస్తే తేలిగ్గా చేతిలోకి వచ్చేసింది. మూత తీశాడు. లోపల కాగితం తప్ప ఏమీ లేదు.

"ఏమే! తెల్ల జత ఏది?"

వాళ్లావిడ వంటింట్లోంచి బయటికి రాలేదు. "అలమర తాళం నేనే తీసిచ్చాను. ఏం చేస్తారో చేసుకోండి."

"బుద్ధుందా నీకు? కొనేవాడు వస్తుంటే..."

"'పిల్ల పరిగెడుతుంటే' అని అనండి ఒక్కసారైనా."

ఆయనకు ముక్కు మీద ఉండే కోపం నెత్తికెక్కింది. అయినా బేరం పోగొట్టుకోవడం ఇష్టం లేదు. ఏళ్ల కిందట ఒకే రోజు, ఒకే కొట్లో, ఒకే రకానివి రెండు జతలు కొన్నాడు కదా! రెండో పెట్టె దించి, కొనేవాడు నొక్కి చూసినట్టే బొటనవేలితో అడుగుభాగం నొక్కాడు. వేలు లోపలికి దిగిపోయింది. వంచి చూశాడు. అడుగు మొత్తం రెండు ముక్కలై, పసుప్పచ్చని పొడి ఒళ్లో రాలింది.

ఆ పొడిని ఆయన ఎరుగును. లిఫ్టు పక్కన పట్టాల మీద దొర్లే చక్రాలకు ఇలాంటి తొడుగే ఉంటుంది. స్టోరులో ఏళ్ల తరబడి పడి ఉన్న చక్రం చూడటానికి కొత్తగానే ఉంటుంది, బరువు పడగానే పొడిపొడి అవుతుంది. "కొత్తగా ఉందని నమ్మకండిరా, ఇది వాడకపోయినా లోపల్లోపలే చచ్చిపోతుంది" అని తోటి పనివాళ్లను ఎన్నిసార్లు కేకలేశాడో! దీపం కింద చీకటంటే ఇదే.

మరుక్షణం పందెం గుర్తొచ్చింది. చిట్టి ఆ బూట్లతోనే మలుపు తిరుగుతుంది. అంత వేగంలో అడుగు ఊడితే కాలు నిలుస్తుందా?

గుమ్మం దగ్గర పడి ఉన్న ఆమె పాత బూట్లు చంకలో పెట్టుకుని పరిగెత్తాడు. మైదానం రెండు వీధుల అవతల. మొదటి వీధి చివర పిన్నీసు ఊడి ఒక చెప్పు పోయింది. వెనక్కి చూడలేదు. అడ్డొచ్చిన సైకిలాయన తిట్టినా వినలేదు.

కంచె దగ్గరికి చేరేసరికి ఆడపిల్లలు గీత మీదికి వస్తున్నారు. తెల్ల బూట్లు ఎండలో మెరిసిపోతున్నాయి.

"చిట్టీ! ఆగు!"

ఆయన్ని చూడగానే పిల్ల ముఖం పాలిపోయింది. అక్కడే గడ్డిలో కూర్చుని లేసులు విప్పుకుని, మేజోళ్లతో నడిచొచ్చి, రెండు చేతులతో ఆ జతను కంచె మీదుగా అందించింది.

"పాడవలేదు నాన్నా. ఇక్కడిదాకా చెప్పుల్తోనే వచ్చా. ఇప్పుడే తొడుక్కున్నా, గడ్డి మీదే నిలబడ్డా. అమ్మనేమీ అనొద్దు."

ఆయన ఆయాసపడుతూనే జత అందుకున్నాడు. ఒక బూటు తీసి ఆమె కళ్లముందే వంచాడు. పుటుక్కున విరిగింది.

"ఇందుకొచ్చానే తల్లీ," అని పాత బూట్లు చేతిలో పెట్టాడు.

"అమ్మాయ్, వస్తున్నావా లేదా?" అవతలి నుంచి మాస్టారు కేకేశారు. చిట్టి పాతవి తొడుక్కుని పరిగెత్తుకుంటూ పోయి వరసలో నిలబడింది.

ఈల మోగింది. ఆయన కంచె తీగను రెండు చేతులా పట్టుకున్నాడు. మొదటి చుట్టు బాగానే గడిచింది. రెండో చుట్టు చివరి మలుపులో కుడి బూటు కుట్టు విడిపోయి ముందువైపు నోరు తెరిచింది. అది ప్రతి అడుక్కీ టపటపా కొట్టుకుంటుంటే తీగ అరచేతుల్లో దిగబడింది. పడిపోతుంది, ఇప్పుడు పడిపోతుంది అనుకున్నాడు. పడలేదు. గీత దాటింది.

చిట్టి రొప్పుతూ కంచె దగ్గరికొచ్చింది. బూటులోంచి బొటనవేలు బయటికి కనిపిస్తోంది. ఊపిరి కూడా పూర్తిగా తీసుకోకుండానే అడిగింది.

"నాన్నా, ఆ జత పోతే నీకు చాలా నష్టమా?"

నిద్రలో లేపి అడిగినా ప్రతి జత ధరా చెప్పగల మనిషి, నోరు తెరిచిన ఆ బూటు వైపు చూశాడు. ఈ పిల్లకు తను నేర్పింది ఇదన్నమాట!

"అది సరే, నువ్వెన్నో స్థానంలో వచ్చావు?"

"రెండో స్థానం. మొదటి ముగ్గుర్నీ జట్టులోకి తీసుకుంటారు. అదేంటి, చూళ్లేదా?"

"లేదమ్మా. నీ కాళ్లే చూస్తున్నా."

చిట్టి కిందికి చూసింది. ఆయన ఒక కాలికి చెప్పు లేదు, మడమ చీరుకుపోయి రక్తం కారుతోంది. ఆమె ఏదో అనబోయేలోగా ఆయన జేబులోంచి అలమర తాళంచెవి తీసి కంచె సందులోంచి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇంటికెళ్లి అన్నీ వంచి చూద్దాం. బతికున్నవేమైనా ఉంటే, అవి నీవి."