పొన్నంగి పిట్టకు పసుపు

తుఫాను గాలి తగ్గిన మర్నాడు పొద్దున్నే వంటింటి కిటికీ అద్దానికి ఏదో కొట్టుకున్న చప్పుడైంది. నేను పెరట్లోకి వెళ్లేసరికి మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ, అప్పటికే చీర చెంగులో ఏదో పొదివి పట్టుకుని ఉంది.

"చూడవే అమ్మడూ, ఇంత ముస్తాబై వచ్చి మన గుమ్మంలో పడింది!"

పొన్నంగి పిట్ట. పక్షుల పుస్తకంలో ఎన్నోసార్లు చూశాను గానీ, కళ్లెదుట ప్రాణాలతో చూడడం అదే మొదలు. ఆకుపచ్చ వీపు, రెక్క మడతలో మెరిసే నీలం, కళ్ల మీదుగా కాటుక గీత. తోక మాత్రం గుడ్డ చాలనట్టు పొట్టిగా ఉంది. చలికాలానికి ఉత్తరాది అడవుల నుంచి దక్షిణానికి పోతూ అలిసిపోయి ఉంటుంది.

మామ్మ దాన్ని తిరగేసి, "అయ్యో, కడుపు కింద రక్తం!" అంది. నేను నోరు తెరిచేలోపే పసుపు తడిపి ఆ ఎర్రటి చోట అద్దేసింది.

"రక్తం కాదు మామ్మా. దాని రంగే అంత."

"మరి చెప్పవేంటే! నీ మాట బయటికొచ్చేసరికి ఊళ్లో పెళ్లిళ్లన్నీ అయిపోతాయి."

కోళ్ల గంప కింద పెట్టి నూకలు చల్లింది. పిట్ట ముట్టలేదు. ఎండెక్కేసరికి కళ్లు మూతలు పడుతున్నాయి. మా ఇంట్లో మామ్మ మాటకి నాన్నగారు కూడా ఎదురు చెప్పరు. కానీ ఇంకాసేపు ఊరుకుంటే అది చచ్చిపోతుంది.

"నూకలు తినదు మామ్మా. రాలిన ఆకుల్లో పురుగులు ఏరుకుంటుంది. కోకో చెట్ల కింద వదిలేద్దాం."

"కాకులు పొడిచేస్తే?"

"మనం కాపలా కూర్చుందాం."

మామ్మ నా ముఖంలోకి చూసి, గంప తనే ఎత్తి పిట్టను చెంగులోకి తీసుకుంది.

కొబ్బరి చెట్ల మధ్య వేసిన కోకో నీడలో దాన్ని ఆకుల మీద వదిలి, కాస్త దూరంగా కూర్చున్నాం. పిట్ట చాలాసేపు ముడుచుకునే ఉంది. తర్వాత ఒక గెంతు గెంతింది. ముక్కుతో ఆకు విసిరేసి, కింది నుంచి వానపామును లాగింది. మామ్మ నా చెయ్యి గట్టిగా గిల్లింది.

అప్పుడే కొబ్బరికాయలు దింపే మనిషిని వెంటబెట్టుకుని నాన్నగారు వచ్చారు.

"ఈ పూట దింపు వద్దురా," అంది మామ్మ గొంతు తగ్గించి. "చుట్టం భోంచేస్తోంది."

నాన్నగారు ఆ మనిషికి ఆగమని సైగ చేసి, చెప్పులు చేత్తో పట్టుకుని మెల్లగా మా పక్కన చేరారు.