ఎర్ర టేపు మీటరు

నర్సింగం కోపిష్టి అని గోదావరిఖనిలో అందరూ అంటారు. అననీ! ఆ కోపం ఎందుకొచ్చిందో బొగ్గుగనిలోకి దిగేవాళ్ళకు దీపాలు, మీటర్లు ఇచ్చే లాంప్‌రూంలో పనిచేసిన నాకు తెలుసు.

2008లో మా గనికి కొత్త గ్యాస్ మీటర్లు వచ్చాయి. బటన్ నొక్కితే గాలిలో పేలిపోయే మీథేన్ గ్యాస్ ఎంతుందో కొలుస్తాయి, వదిలితే ఆ అంకె నిలబడుతుంది. షిఫ్టుకు ముందు లాంప్‌రూంలో, గ్యాస్ లేని మంచి గాలిలో, సున్నా చూపుతుందో లేదో చూసి పంపడం మా రివాజు. అన్నీ సున్నానే చూపేవి. లోపల గ్యాస్ చూసే సర్దారు రాజం, నర్సింగానికి అక్క మొగుడు. ఒకరోజు పైకొచ్చి మీటరును బల్ల మీద కొట్టాడు.

"దీపం మంట మీద నీలం గింత లేస్తాంది, గ్యాసున్నట్టే. ఇదేమో తక్కువ జూపెడ్తాంది. మనుషుల్ని బయటికి పంపాల్నా, వద్దా?"

ఇంజనీరు నవ్వాడు. "నీ కళ్ళకు వయసొచ్చిందయ్యా."

మీటర్లు బాగుచేసే నర్సింగం దాన్ని విప్పాడు. బటన్ వదలగానే స్విచ్చిగా పనిచేసే ట్రాన్సిస్టర్ ఆఫవుతుంది. ఆఫవుతూ తనలో మిగిలిన నెగెటివ్ చార్జిని, అంకెను పట్టి ఉంచే కెపాసిటర్‌లోకి కక్కుతోంది. దాంతో రీడింగు పడిపోతోంది. మంచి గాలిలో పడిపోయినా ఈ మీటరు సున్నా కిందికి చూపదు. ఇంక మాకు తప్పెట్లా దొరుకుతుంది! థూ, అదీ ఒక పరీక్షేనా?

ఒక మీటర్లో ఆ ట్రాన్సిస్టర్ పక్కన ఇంకో చిన్నదాన్ని అతికించాడు. పెద్దది ఆఫయ్యే క్షణంలోనే ఇది ఆనయి, కక్కిన చార్జిని మింగేస్తుంది. గుర్తుకు ఎర్ర టేపు చుట్టాడు. ఎంత గ్యాసుందో ముందే తెలిసిన సీసాతో పరీక్షిస్తే అదొక్కటే సరిగ్గా చెప్పింది, మిగతావన్నీ తక్కువ చెప్పాయి.

ఇంజనీరు ఇచ్చింది మెమో. అనుమతి లేకుండా మీటరు పాడుచేశాడట! ఆ మీటరును బీరువాలో పెట్టించాడు.

"మా బావ పానం పోతే గీ కాయితం తెస్తదా సార్?" అని నర్సింగం అరిచాడు. ఎవరు విన్నారు?

వారం తిరక్కుండా ఇంజనీరే గనిలోకి దిగాల్సి వచ్చింది. బల్ల మీద ఇరవై మీటర్లున్నాయి. అన్నీ సున్నా. ఆయన వాటివైపు చూడనైనా లేదు.

"బీరువాలో ఆ ఎర్ర టేపుది ఉంది కదా, ఇటివ్వు," అన్నాడు నాతో.

నా ఒళ్ళు మండింది. తీసిచ్చేలోగా నర్సింగం అందుకున్నాడు.

"ఇది పాడైందన్నరు గద సార్! మీకెందుకు? గవన్ని సున్న మంచిగ జూపెడ్తున్నయ్, గండ్ల ఒకటి పట్కపోండ్రి."

ఎర్ర టేపు మీటరును, షిఫ్టుకని వచ్చి నిలబడ్డ రాజం చేతిలో పెట్టాడు. రాజం షిఫ్టుకు దిగాడు.

ఇంజనీరు ఆరోజు దిగలేదు.