తప్పు నాదే అనే కండక్టరు గారు

రిటైరైన బస్సు కండక్టరు గారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. కంటి ముందు ఏ తప్పు జరిగినా, అది తనదేనని ఎగబడి ఒప్పేసుకోవడం.

పాలు పొంగితే, "తప్పు నాదే. పక్కనే కూర్చుని పేపరు చదివాను." పక్కింటివాళ్ల స్కూటరు మొరాయిస్తే, "తప్పు నాదే. వానొచ్చేటట్టుందని చెప్పాల్సింది." భార్యకు ఇది ప్రాణసంకటమైపోయింది. పోట్లాడదామని ఆవిడ నడుం బిగించేలోపే మొగుడు ఒప్పేసుకుంటే, ఇంక ఆడమనిషి ఏం మాట్లాడుతుంది? నోటిదాకా వచ్చిన మాటలన్నీ మింగి మింగి ఆవిడకు అజీర్తి పట్టుకుంది.

ఈ జబ్బుతోనే ఆయన ఆదివారాలు గోల్ఫ్ మైదానానికి తయారయ్యేవారు. అక్కడ రిటైరైనవాళ్లు నలుగురు చేరి, చుట్టుపక్కల పిల్లలకు ఊరికే ఆట నేర్పుతారు. పేరుకు గోల్ఫే గానీ, అసలు నేర్పేది ఎదుటివాళ్ల కళ్లలోకి చూసి మాట్లాడటం, తన వంతు వచ్చేదాకా ఆగడం, ఎవరూ చూడకపోయినా బంతిని తానెన్ని దెబ్బలు కొట్టిందీ తానే సరిగ్గా లెక్కపెట్టుకోవడం.

"కర్రతో గడ్డి కొట్టడానికి ఇంత చదువా?" అనేది భార్య. ఎందుకంటే ప్రతి ఆదివారం ఆయన ఒళ్లంతా బురదతో ఇంటికొచ్చేవారు.

"ఎట్లా పడ్డారు?"

"తప్పు నాదే."

"అది ఎప్పుడూ ఉన్నదేగా! ఎట్లా పడ్డారని అడుగుతున్నా."

"పడ్డానంతే."

సంగతేదో తేల్చుకుందామని ఒక ఆదివారం ఆవిడే వెంట వెళ్లింది.

ఆ రోజు దర్జీ కూతురు కొత్తగా వచ్చింది. పన్నెండేళ్లుంటాయి. ఎవరు పలకరించినా తన చెప్పులకేసి చూస్తూ జవాబు చెప్పే పిల్ల. "ఎక్కడికి పంపినా మర్నాడు పోనంటుందండీ. ఇదే ఆఖరు, ఇంక ఎక్కడా చేర్పించను" అని తల్లి గేటు దగ్గరే నిలబడింది.

కాళ్లు ఎడంగా పెట్టమని చెప్పి కండక్టరు గారు చేతికిచ్చిన కర్రను పిల్ల ఊపింది. బంతి కదల్లేదు. మళ్లీ ఊపింది. ఈసారి కర్రే చేతిలోంచి ఎగిరిపోయి టీ ఫ్లాస్కును పడగొట్టింది. పిల్లలంతా పగలబడి నవ్వారు. పాపం, దాని మొహం కందిపోయింది. గబగబా గేటువైపు నడిచింది.

"తప్పు నాదే!" కండక్టరు గారు కేకపెట్టారు. "పట్టు నేనే సరిగ్గా చూపించలేదు. ఇదిగో, ఇట్లా..." అంటూ కర్ర ఝళిపించి, గిర్రున తిరిగి, పక్కనే ఉన్న నీళ్లగుంటలో చతికిలబడ్డారు. నవ్వులన్నీ ఆయన మీదికి మళ్లాయి.

భార్య నవ్వలేదు. ముప్పయ్యేళ్లు పరిగెత్తే బస్సులో, కమ్మీ పట్టుకోకుండా, రెండు చేతులా టికెట్లు చింపిన మనిషి! చదునైన గడ్డి మీద పడతాడా? పడినా, సరిగ్గా ఇప్పుడేనా?

గేటు దాకా వెళ్లిన పిల్ల వెనక్కి పరిగెత్తుకొచ్చింది. చెయ్యి అందించి, ఆయన కళ్లలోకే చూస్తూ, "కాళ్లు ఎడంగా పెట్టాలి తాతగారూ! ఇందాక మీరే చెప్పారుగా?" అంది.

"ఈయనకు ఒకసారి చెప్తే ఎక్కదమ్మా" అంది భార్య. "వచ్చే ఆదివారం కూడా నువ్వే వచ్చి చెప్పాలి."

"ఎన్నింటికి రమ్మంటారు?"

"ఏడింటికి."

పిల్ల తల ఊపి, కర్ర వెతుక్కోవడానికి వెళ్లింది. అప్పుడు భార్య మొగుడి చెవి దగ్గరకు వంగింది.

"ఈసారి కాస్త పొడిగా ఉన్నచోటు చూసుకుని పడండి."